ఆ మాటను పుట్టించిన స్త్రీలు

కొన్నాళ్ళ కిందట ఒక సాహిత్య సదస్సులో మాట్లాడుతూ ఒక పెద్దాయన, అస్తిత్వ రాజకీయాలు వచ్చి ఉద్యమాలన్నిటినీ ముక్కలు ముక్కలు చేశాయనీ, అమెరికా యూనివర్సిటీల్లో తిండికి లోటు లేనివాళ్ళు కనిపెట్టిన ఈ జబ్బు మనకూ అంటుకుందనీ అన్నారు. హాల్లో చాలామంది తలలూపారు. భోజనాల దగ్గర ఆయన్ని అడిగాను, "అస్తిత్వ రాజకీయాలు అన్న మాట మొదట వాడిందెవరో మీకు తెలుసాండీ?" అని. ఆయన నవ్వి, "ఎవడో ప్రొఫెసర్ అయ్యుంటాడమ్మా" అన్నారు. ఆ "ఎవడో" దగ్గరే నేను ఆగిపోయాను.

ఎవడో కాదు. ఏ ప్రొఫెసరూ తన గదిలో ఒంటరిగా కూర్చుని కనిపెట్టిందీ కాదు. 1977 ఏప్రిల్ లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కాంబహీ రివర్ కలెక్టివ్ అనే చిన్న నల్లజాతి స్త్రీల బృందం ఒక ప్రకటన రాసుకుంది. బార్బరా స్మిత్, ఆమె కవల సోదరి బెవర్లీ స్మిత్, డెమిటా ఫ్రేజియర్ అనే ముగ్గురు దాన్ని రాశారు. ఇవాళ మనం వాడుతున్న రాజకీయార్థంలో ఆ మాట మొదట కనిపించింది అందులోనే. నేను పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఆ ప్రకటన జిరాక్స్ ప్రతి ఒకటి హాస్టల్లో చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. అప్పుడు అర్థమైంది కొంతే. సదస్సు నుంచి ఇంటికొచ్చాక ఆ కాగితాలు వెతికి తీసి మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ రాత్రి మొదలైంది.

ముందు ఆ పేరు గురించి చెప్పాలి. కాంబహీ అనేది సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక నది. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జూన్ 2న హారియట్ టబ్మన్ దారి చూపిస్తుండగా నల్లజాతి సైనికులు పడవల మీద ఆ నదిలోకి వెళ్ళి, ఒడ్డున ఉన్న వరి తోటల నుంచి 700 మందికి పైగా బానిసలను విడిపించి తీసుకొచ్చారు. టబ్మన్ స్వయంగా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ. బృందానికి పేరు వెతుకుతున్నప్పుడు బార్బరా స్మిత్ ఈ పేరు సూచించింది. ఒక వీరవనిత పేరు కాకుండా, ఎంతోమంది కలిసి విముక్తి పొందిన ఒక ఘటన పేరు పెట్టుకోవడం ఆమెకు నచ్చింది. అస్తిత్వ రాజకీయాలంటే ఎవరి గూట్లో వాళ్ళు ముడుచుకోవడం అనేవాళ్ళు ఈ ఒక్క విషయమైనా గమనిస్తే బాగుండును. ఆ మాటను పుట్టించినవాళ్ళు తమకు పెట్టుకున్న పేరే ఒక ఉమ్మడి విముక్తి పేరు.

ఈ స్త్రీలు ఎక్కడి నుంచి వచ్చారు? 1973లో న్యూయార్క్ లో జాతీయ నల్లజాతి స్త్రీవాద సంస్థ ఏర్పడింది. 1974లో దాని బోస్టన్ శాఖగా వీళ్ళు కలిశారు. తర్వాత ఆ సంస్థ ధోరణి తమకు సరిపోదనుకుని విడిగా నిలబడ్డారు. 1974 అంటే బోస్టన్ లో తెల్ల, నల్ల పిల్లలను ఒకే బడుల్లో కలపాలని కోర్టు ఆదేశించిన ఏడాది. నల్ల పిల్లలు ఎక్కిన బస్సుల మీద తెల్లవాళ్ళు రాళ్ళు విసిరిన ఏడాది. వీళ్ళలో పౌరహక్కుల ఉద్యమంలో, వియత్నాం యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో తిరిగినవాళ్ళున్నారు. ఫ్రేజియర్ షికాగోలో బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసింది. అన్ని ఉద్యమాల్లోనూ పనిచేశారు, అన్నిచోట్లా "మీ సంగతి తర్వాత చూద్దాం" అన్న మాటే విన్నారు. నల్లజాతి ఉద్యమంలో నాయకత్వం మగవాళ్ళది. స్త్రీల ఉద్యమంలో మాట తెల్ల మధ్యతరగతి స్త్రీలది. వామపక్షంలో జాతి, జెండర్ రెండూ విప్లవం తర్వాత పరిష్కరించుకునే విషయాలు. పైగా వీళ్ళలో చాలామంది లెస్బియన్లు. అది ఎక్కడా బయటికి చెప్పుకోగలిగిన విషయం కాదు.

ఆ ప్రకటనలో వాళ్ళు చెప్పింది నా మాటల్లో చెప్పాలంటే ఇది. మా విముక్తి కోసం ఇంకెవరో నిలకడగా పనిచేస్తారనుకోవడం భ్రమ. మా జీవితాల్లోంచి, మా స్థానంలోంచి పుట్టే రాజకీయాలే మా విషయంలో లోతైనవి. జాతి, వర్గం, లైంగికత, స్త్రీత్వం - ఈ అణచివేతలు మా బతుకుల్లో విడివిడిగా రావు, ఒకదానితో ఒకటి పెనవేసుకుని వస్తాయి. ఇక్కడితో ఆగితే పెద్దాయన మాటలో కొంత నిజం ఉందనుకోవచ్చు. కానీ వాళ్ళు ఆగలేదు. తాము సోషలిస్టులమని స్పష్టంగా ప్రకటించుకున్నారు. మగవాళ్ళతో పూర్తిగా తెగతెంపులు చేసుకోవాలన్న లెస్బియన్ వేర్పాటువాదాన్ని తిరస్కరించారు. జాతి వివక్షకు వ్యతిరేకంగా నల్లజాతి మగవాళ్ళతో కలిసి పోరాడతామనీ, పురుషాహంకారం విషయంలో వాళ్ళతోనే పోరాడతామనీ అన్నారు. నల్లజాతి స్త్రీ విముక్తి కావాలంటే అణచివేత వ్యవస్థలన్నీ కూలాల్సిందే కాబట్టి, ఆమె విముక్తిలో అందరి విముక్తీ ఉందన్నారు.

అంటే అక్కడ అస్తిత్వం బయలుదేరే చోటు. చేరాల్సిన చోటు వేరే ఉంది. ఈ తేడా పోయినచోటల్లా ఆ మాట పాడైంది. దాని చరిత్ర అంతా ఈ తేడా చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది.

ఇదంతా 1977లో ఉన్నట్టుండి ఊడిపడిందీ కాదు. 1869లో అమెరికా స్త్రీల ఓటు హక్కు ఉద్యమం రెండుగా చీలింది. నల్లజాతి పురుషులకు ఓటు ఇచ్చే 15వ రాజ్యాంగ సవరణను స్త్రీలకు ఓటు లేకుండా ఒప్పుకోవాలా వద్దా అన్నది తగువు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ వంటి నాయకురాలు ఆ కోపంలో నల్లవాళ్ళ గురించి అనరాని మాటలు అన్నది. 1913 మార్చిలో వాషింగ్టన్ లో ఓటు హక్కు కోసం జరిగిన పెద్ద ఊరేగింపులో, దక్షిణాది తెల్ల స్త్రీలు నొచ్చుకుంటారని, ఐడా బి. వెల్స్ ను వెనక నడవమన్నారు. ఆమె ఆ మాట వినలేదు. ఊరేగింపు మధ్యలో తన ఇల్లినాయ్ బృందంలోకి వచ్చి చేరి నడిచింది. "స్త్రీలు" అన్న మాటలో ఎవరున్నారు, ఎవరు వెనక నడవాలి అన్న ప్రశ్న అప్పటికే ఉంది. విడగొట్టింది ఎవరు? ముందు నడిచినవాళ్ళు తమను తాము కేవలం "స్త్రీలు" అనుకున్నారు. వెనక నడవమన్నప్పుడు మాత్రమే ఐడా వెల్స్ "నల్ల స్త్రీ" అయింది. అధికారంలో ఉన్న అస్తిత్వానికి పేరు అవసరం ఉండదు.

కాంబహీ స్త్రీలు సిద్ధాంతం రాసి ఊరుకోలేదు. బోస్టన్ లో చట్టబద్ధంగా గర్భస్రావం చేసినందుకు 1975లో శిక్షపడ్డ నల్లజాతి డాక్టర్ కెనెత్ ఎడెలిన్ కు మద్దతుగా నిలబడ్డారు. ఆ శిక్షను 1976లో పై కోర్టు కొట్టేసింది. పేద నల్లజాతి స్త్రీలకు వాళ్ళ ఇష్టం లేకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడాన్ని ఎదిరించారు. అన్నిటికంటే నన్ను కదిలించింది 1979 నాటి విషయం. ఆ ఏడాది జనవరి నుంచి నాలుగు నెలల్లో బోస్టన్ లో పన్నెండు మంది నల్లజాతి స్త్రీలు హత్యకు గురయ్యారు. పత్రికలకు అది చిన్న వార్త. చనిపోయినవాళ్ళు ఎలాంటివాళ్ళో అన్న గుసగుసలు పెద్దవి. ఏప్రిల్ 1న జరిగిన నిరసన ర్యాలీలో నల్లజాతి నాయకులు ఇది జాతి వివక్ష అన్నారు, మన ఆడవాళ్ళను మన మగవాళ్ళు కాపాడుకోవాలన్నారు. చచ్చిపోయిన వాళ్ళందరూ ఆడవాళ్ళే ఎందుకయ్యారన్నది ఎవరూ మాట్లాడలేదు. బార్బరా స్మిత్ ఇంటికెళ్ళి ఒక కరపత్రం రాసింది. ఆరుగురు నల్లజాతి స్త్రీలు ఎందుకు చనిపోయారు అన్నది దాని శీర్షిక. ఇది జాతి హింస కూడా, స్త్రీల మీద హింస కూడా అని అందులో వాదించింది. ఆత్మరక్షణకు ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉంది. అచ్చు వేస్తుండగానే హత్యలు పెరిగాయి. అందుకని ఆ "ఆరు" మీద గీత కొట్టి ఏడు, ఏడు మీద గీత కొట్టి ఎనిమిది, అలా రాసుకుంటూ పోయారు.

గీతలు కొట్టిన ఆ అంకెల్ని ఒక పుస్తకంలో బొమ్మగా చూశాను. అస్తిత్వ రాజకీయాలు తిండికి లోటు లేనివాళ్ళ కాలక్షేపమని ఎవరన్నా అంటే నాకు ఆ అంకెలే గుర్తొస్తాయి.

బృందం 1980 ప్రాంతంలో విడిపోయింది. కానీ వాళ్ళ ఆలోచన రెండు దారుల్లో వెళ్ళింది. ఒకటి పుస్తకాల దారి. 1980లో బార్బరా స్మిత్, ఆడ్రీ లార్డ్ తదితరులు కిచెన్ టేబుల్ అనే ప్రచురణ సంస్థ పెట్టారు. వంటింటి బల్ల దగ్గరే ఆడవాళ్ళు కూర్చుని పనీ చేస్తారు, మాటలూ చెప్పుకుంటారు కాబట్టి ఆ పేరు. నల్లజాతి స్త్రీ అధ్యయనాల మీద 1982లో వచ్చిన ఒక సంకలనం పేరులోనే, స్త్రీలందరూ తెల్లవాళ్ళే, నల్లవాళ్ళందరూ మగవాళ్ళే, కానీ మాలో కొందరు ధైర్యవంతులం అన్న వ్యంగ్యం ఉంది. ఒక పుస్తకం పేరులో ఇంత సిద్ధాంతం ఇమడడం నేను వేరే చూడలేదు.

రెండోది కోర్టుల దారి. జనరల్ మోటార్స్ కంపెనీ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలో పెట్టుకోలేదు. ఆ తర్వాత చేరినవాళ్ళను ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు "చివర చేరినవాళ్ళు ముందు బయటికి" అన్న నియమం కింద తీసేసింది. ఎమ్మా డీగ్రాఫెన్ రీడ్, ఇంకో నలుగురు స్త్రీలు కేసు వేశారు. 1976లో కోర్టు ఏమంది? కంపెనీ ఆడవాళ్ళను తీసుకుంది, కాబట్టి స్త్రీ వివక్ష లేదు. నల్లవాళ్ళను తీసుకుంది, కాబట్టి జాతి వివక్ష లేదు. రెండూ కలిపి కొత్త రకం వివక్ష అంటే కుదరదు. ఆఫీసులో తీసుకున్న ఆడవాళ్ళు తెల్లవాళ్ళు, ఫ్యాక్టరీలో తీసుకున్న నల్లవాళ్ళు మగవాళ్ళు అన్నది చట్టం కంటికి ఆనలేదు. 1989లో కింబర్లీ క్రెన్ షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఈ కేసును చర్చిస్తూ ఇంటర్ సెక్షనాలిటీ అన్న మాట వాడింది. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ వైపు నుంచైనా, ఒకేసారి రెండు వైపుల నుంచైనా దెబ్బ తగలొచ్చు అన్నది ఆమె పోలిక. ఇవాళ ఆ మాట ఎక్కడపడితే అక్కడ వినిపిస్తోంది. అది పుట్టింది మాత్రం ఉద్యోగాలు పోయిన ఐదుగురు కార్మిక స్త్రీల కేసులోంచి.

అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఇంకో కథ ఉంది. అది మనకు మరింత దగ్గర. బ్రిటన్ లో 1970లలో "బ్లాక్" అన్న మాటలో ఆఫ్రికా, కరీబియన్ల వాళ్ళతో పాటు మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉండేవారు. అది రంగు పేరు కాదు, రాజకీయ ఐక్యత పేరు. 1979లో లండన్ సౌతాల్ లో పుట్టిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఆ అర్థంలోనే బ్లాక్. పదేళ్ళు హింస భరించి 1989లో భర్తకు నిప్పంటించిన కిరణ్ జీత్ అహ్లువాలియాకు యావజ్జీవ శిక్ష పడితే, వీళ్ళు పోరాడి 1992లో ఆమెను బయటికి తెచ్చారు. దీర్ఘకాలం హింసకు గురైన స్త్రీల కేసులను బ్రిటన్ న్యాయస్థానాలు చూసే తీరును ఆ కేసు మార్చింది.

ఈ సంస్థ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది, వాళ్ళు రెండు వైపులా పోరాడాల్సి రావడం. ఒకవైపు జాతి వివక్ష. ఇంకోవైపు, బహుళ సంస్కృతుల పేరుతో ప్రభుత్వం "కమ్యూనిటీ పెద్దలు"గా గుర్తించిన మగవాళ్ళు. మా ఆడవాళ్ళ సంగతి మేం చూసుకుంటాం, ఇది మా సంస్కృతి అనేవాళ్ళు. అస్తిత్వానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఆ గుర్తింపు ముందుగా ఎవరి చేతికి వెళ్తుంది? ఆ కులంలో, ఆ మతంలో, ఆ జాతిలో బలవంతులైన మగవాళ్ళ చేతికే. ఇది గమనించిన స్త్రీలు 1989లో, రష్దీ పుస్తకం మీద గొడవ జరుగుతున్నప్పుడు, మత ఛాందసవాదానికి వ్యతిరేకంగా అన్ని మతాల స్త్రీలతో ఇంకో వేదిక కట్టారు. 2008లో స్థానిక కౌన్సిల్, అందరు స్త్రీలకూ ఒకే సేవలు చాలు, ప్రత్యేకంగా మీరెందుకు అని వాళ్ళ నిధులకు ఎసరు పెట్టింది. వాళ్ళు హైకోర్టుకెళ్ళి గెలిచారు. సమానత్వం అంటే అందరినీ ఒకే గాటన కట్టడం కాదని నిరూపించారు.

ఇక విమర్శలు. వాటిని తోసిపారేయడం నా ఉద్దేశం కాదు. 1996లో చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్ బామ్, వామపక్ష రాజకీయం అందరి కోసం, అస్తిత్వ రాజకీయం ఆ గుంపులోని వాళ్ళ కోసం మాత్రమే అని వాదించాడు. 2016లో ట్రంప్ గెలిచిన పది రోజులకు మార్క్ లిల్లా, డెమొక్రాట్ల ఓటమికి ఈ వైవిధ్యపు మోజే కారణమని రాశాడు. 2024 ఓటమి తర్వాత అదే వాదన మళ్ళీ వినిపించింది. ఇంతకంటే లోతైన విమర్శ స్త్రీవాదులే చేశారు. 1990లలో వెండీ బ్రౌన్, గాయమే మన అస్తిత్వమైతే ఆ గాయం మానడం కూడా మనకు నష్టంగా తోస్తుందని హెచ్చరించింది. నాన్సీ ఫ్రేజర్, గుర్తింపు కోసం పోరాటంలో సంపద పంపకం సంగతి వెనకబడుతోందంది. నల్లజాతి తత్వవేత్త ఒలుఫెమి టైవో 2022లో ఇంకో విషయం చెప్పాడు. గదిలో ఉన్న ఒక్క నల్లవాడికి మైకు ఇచ్చి మన బాధ్యత తీరిందనుకుంటున్నాం, అసలు ఆ గదిలోకి రానివ్వని వాళ్ళ సంగతేమిటి అని.

2020 మే లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత జరిగింది చూస్తే టైవో మాట అర్థమవుతుంది. అమెరికా అంతటా లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. పోలీసు వ్యవస్థ మారాలన్నారు. పెద్ద కంపెనీలు ప్రకటనలు ఇచ్చాయి, వైవిధ్య విభాగాలు పెట్టాయి, శిక్షణ తరగతులు నడిపాయి. గిడ్డంగుల్లో పనిచేసే నల్లజాతి స్త్రీ జీతం గురించి ఆ తరగతుల్లో ఎంత చర్చ జరిగిందో ఊహించుకోవచ్చు. గాలి మారగానే ఆ విభాగాల్లో చాలా వాటిని కంపెనీలే కుదించుకున్నాయి. 2022 జూన్ లో అమెరికా సుప్రీం కోర్టు గర్భస్రావ హక్కును తీసేసింది. 2023 జూన్ లో కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి అధ్యక్షుడు కాగానే ప్రభుత్వ వైవిధ్య కార్యక్రమాలను రద్దు చేస్తూ, ట్రాన్స్ జెండర్ మనుషుల గుర్తింపును నిరాకరిస్తూ ఉత్తర్వులిచ్చాడు.

మరి అస్తిత్వ రాజకీయాలు అంతరించాయా? అంతరించలేదు, చేతులు మారాయి. ఫ్రాన్స్ లో వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా 2012లో తలెత్తి, 2021లో ప్రభుత్వం రద్దు చేసిన ఒక యువజన సంస్థ పేరులోనే "అస్తిత్వ తరం" అని ఉంది. తెల్లవాళ్ళమైన మేం ప్రమాదంలో ఉన్నాం అనే గొంతు యూరప్ లో, అమెరికాలో పార్లమెంటుల దాకా వెళ్ళింది. దాన్ని అస్తిత్వ రాజకీయం అని పెద్దగా ఎవరూ తిట్టరు. దాన్ని దేశభక్తి అంటారు, సంప్రదాయం అంటారు. 1913 ఊరేగింపులో ముందు నడిచినవాళ్ళకు పేరు అక్కర్లేకపోయినట్టే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను పుట్టింది ఊళ్ళో కాస్త భూమి, కాస్త మాట చెల్లుబడి ఉన్న కులంలో. తెలుగు కథల్లో స్త్రీ మీద థీసిస్ రాస్తున్నప్పుడు హాస్టల్లో నా పక్క గదిలో ఉండే దళిత స్నేహితురాలు మొదటి అధ్యాయం చదివి, "బాగుందే. కానీ నీ థీసిస్ లో నీళ్ళెవరు మోస్తున్నారు? నీ హీరోయిన్ పొద్దున్నే లేచి ఒంటరితనం గురించి ఆలోచిస్తుంటే గిన్నెలెవరు తోముతున్నారు?" అంది. నాకు కోపం వచ్చింది. ఉద్యమంలో చీలికలు తేవద్దు అన్నాను. అచ్చం ఆ సదస్సులో పెద్దాయన అన్న మాటే అది. ఆమె వాదించలేదు. "చీలిక నేను తేలేదు, నువ్వు నీ అధ్యాయంలో పెట్టావు, నేను చూపించానంతే" అని జిరాక్స్ కాగితాలు నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. కాంబహీ ప్రకటన నా దగ్గరికొచ్చింది అలా.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ చరిత్రతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును అక్టోబరులో గవర్నర్ తిప్పి పంపాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. ఆ బిల్లును వ్యతిరేకించినవాళ్ళ వాదనల్లో ఒకటి, కులం గురించి మాట్లాడితే మా సమాజం అవమానం పాలవుతుందని. శ్వేత జాతి వివక్ష ఎదురైనప్పుడు అస్తిత్వం గుర్తొచ్చేదీ, ఇంటిపేరు అడిగి కులం కనుక్కునేటప్పుడు అది మర్చిపోయేదీ ఒకరే. సౌతాల్ స్త్రీలు ఎదుర్కొన్న "కమ్యూనిటీ పెద్దలు" అక్కడా ఉన్నారు.

ఇక ముందు ఏమిటి? నాకు జోస్యం రాదు. ఒక్క ఉదాహరణ మాత్రం చెప్తాను. 2020 ఫిబ్రవరిలో బార్బరా స్మిత్, తాను ఆ మాటను పుట్టించిన వాళ్ళలో ఒకదాన్నని గుర్తుచేస్తూ, బెర్నీ శాండర్స్ కు మద్దతు ప్రకటించింది. వర్గం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడడని కొందరు ఎత్తిపొడిచిన తెల్ల ముసలాయనకు! వైద్యం, జీతం, ఇల్లు, చదువు అందరికీ అందాలంటే ఎవరు పోరాడతారన్నది ఆమె ప్రశ్న. పోటీలో ఉన్నది ఏ రంగు మనిషి అన్నది కాదు. నలభై మూడేళ్ళ తర్వాత కూడా ఆమెకు అస్తిత్వం బయలుదేరే చోటే.

అస్తిత్వ రాజకీయాలకు భవిష్యత్తు ఉంటే అది వైవిధ్య విభాగాల్లో ఉండదు. కరపత్రం మీద అంకె మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ కలిసి కూర్చునేవాళ్ళ దగ్గర ఉంటుంది. తాము ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నామో ముందు చెప్పి, అక్కడి నుంచి పక్కవాళ్ళ వైపు నడిచేవాళ్ళ దగ్గర ఉంటుంది.

నా స్నేహితురాలు ఇప్పుడు ఒక జిల్లా కాలేజీలో పాఠాలు చెబుతోంది. సదస్సు సంగతి ఫోన్లో చెబితే నవ్వి, "ఆయన సంగతి సరే, నువ్వు ఆ అధ్యాయం మార్చావా?" అని అడిగింది. థీసిస్ పుస్తకంగా వేద్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మార్చలేదని చెప్పాను. ఈ వ్యాసం పూర్తవగానే మొదలుపెడతాను. గిన్నెలు తోమేవాళ్ళ దగ్గర నుంచి.